మూతలో మొదటి ముద్ద

ఎచ్చెర్లలో బస్సెక్కి నా పక్కన కూర్చున్న మామ్మ క్యారేజీ విప్పింది. వంకాయ కూర కలిపి, మొదటి ముద్ద మూతలో పెట్టి నా ముందుకు జరిపింది.

నాకు ఆశ్చర్యమేసింది. పక్కమనిషికి మూతలో పెట్టకుండా తినకూడదన్నది మా కాలేజీ హాస్టల్ కట్టుబాటు.

"ఇది ఎవరు నేర్పారు మామ్మా?"

"మా మనవరాలు హాస్టల్లో నేర్సుకొచ్చినాదమ్మా. ఇప్పుడు ఇంటిల్లిపాదికీ అదే అలవాటైపోనాది."

ఏ హాస్టలని అడిగితే, మాదే!

"నేనూ అక్కడే చదివాను," అన్నాను గొప్పగా.

మామ్మ నా సంచీలోకి తొంగిచూసింది. "అయితే మరి నీ మూతేదే తల్లీ?"

ఉద్యోగంలో చేరాక క్యాంటీన్లోనే తింటున్నానని చెప్పలేక, ముద్ద నోట్లో పెట్టుకున్నాను.

ఆ వారమే క్యారేజీ కొన్నాను. ఇప్పుడు ఆఫీసులో నా మూత చప్పుడు వింటే చాలు, పక్క సీటు సరోజ కుర్చీ ఇటు తిప్పుతుంది.