టోవా పాయోలో ప్రస్థానం, సముద్రం ఒడ్డున గృహప్రవేశం

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. పాపం, వాళ్లకి కారవాన్ సంగతి తెలియదు. తెలిసి ఉంటే ఆ రెండూ కొట్టేసి, ‘చక్రాల ఇల్లు కొని వియ్యంకుణ్ణి ఎక్కించి చూడు’ అని ఒక్క ముక్కలో తేల్చేసేవారు. నేను కొన్నాను. ఎక్కించబోయాను. ఆ ‘బోయాను’ దగ్గరే నా పరువు పోయింది. ఎలా పోయిందో చెబుతాను, నవ్వుకోండి. మీరు కొత్తగా నవ్వేదేముంది, సింగపూర్‌లో సగం మంది తెలుగువాళ్లు ఎప్పుడో నవ్వేశారు.

పాతికడుగుల పొడవు. లోపల నాలుగు పడకలు, వంటగది, స్నానాలగది. విమానానికి రెక్కలు ఊడదీసి నిలబెట్టినట్టుండేది నా కారవాన్.

(వరలక్ష్మి, అంటే మా ఆవిడ, నా భుజం మీంచి చదువుతూ దగ్గింది. సరే, పన్నెండడుగులు. స్నానాలగది లేదు, బకెట్టు ఉండేది. పడకలు నాలుగే, కాని ఒకరు పక్కకి తిరిగితే నలుగురూ తిరగాలి.)

అప్పటికి నాకు అరవై మూడేళ్లు. కుర్రతనం. షిప్‌యార్డు ఉద్యోగం నుంచి అప్పుడే రిటైరయ్యాను. రిటైరైన కొత్తలో మగవాడు గొలుసు విప్పిన కుక్కలాంటివాడు. ఎటు పరిగెత్తాలో తెలియదు గాని పరిగెత్తడం మాత్రం ఆపడు. నేను పరిగెత్తి పరిగెత్తి ఈ కారవాన్ కొన్నాను.

సింగపూర్‌లో మనిషి నిలబడ్డానికే చోటు వెతుక్కోవాలి, ఇక దానికి ఎక్కడ? మా క్లెమెంటి బ్లాకు కార్‌పార్కులో ఎత్తు కొలిచే బార్‌ని చూస్తేనే దాని నెత్తి బొప్పి కడుతుంది. అందుకని వంతెనకి అవతల, పక్క దేశంలోని జొహోర్‌లో ఒక షెడ్డులో ఉంచాను. షెడ్డు యజమాని పేరు అహ్ సెంగ్. నా ఈడువాడే అయినా నన్ను అంకుల్ అనేవాడు. మనం ఎక్కడికంటే అక్కడికి కారవాన్‌ని తన జీపుకి తగిలించి లాక్కెళ్లి, దింపి, మర్నాడు వచ్చి తీసుకుపోతాడు. అంటే ఇంటిని తోలుకుంటూ దేశం దాటానని ఇన్నేళ్లుగా నేను చెబుతున్నానే, అక్కడ తోలింది అహ్ సెంగ్. నేను పక్కన కూచుని దారి చూపించాను. దారి అతనికి ముందే తెలుసు.

ఇక వియ్యంకుడు. పానకాలు గారని, టోవా పాయోలో ఉంటారు, మా కోడలి తండ్రి. ఆయనకున్న దుర్గుణం ఒక్కటే, ఏదీ మరిచిపోరు. మీరు గొడుగు మరిచిపోతారని తన సంచీలో రెండో గొడుగు వేసుకొచ్చే రకం. అలాంటివాళ్లతో స్నేహం చెయ్యొచ్చు గాని వియ్యమందకూడదు.

మా అబ్బాయి పెళ్లిలో మంగళసూత్రాల పెట్టె హోటల్ గదిలో వదిలేసి మండపానికి వచ్చాను. పురోహితుడు చెయ్యి చాచాడు. నా చెయ్యి ఒంటిమీదున్న జేబులన్నిటికీ తీర్థయాత్ర చేసి ఉత్తిగా తిరిగొచ్చింది. అప్పుడు పానకాలు గారు లేచి, “ఇదిగోనండి బావగారూ, దిండు పక్కన ఒంటరిగా ఉంటే జాలేసి తెచ్చాను” అని తన కోటు జేబులోంచి తీసి ఇచ్చారు. మగపెళ్లివారి బింకం కనీసం మూడు రోజులుండాలి. నాది మూడు ముళ్లు పడేలోపే ఊడింది.

అప్పట్నుంచి ఏ బారసాలకి వెళ్లినా, ఏ వనభోజనానికి వెళ్లినా ఆయన ఆ కథ చెప్పడం, జనం పగలబడి నవ్వడం, నేను అప్పడం కొరుకుతూ నవ్వినట్టు నటించడం. ముల్లుని ముల్లుతోనే తియ్యాలంటారు కదా. కథని కథతోనే తీద్దామనుకున్నాను. వియ్యంకుణ్ణీ వియ్యపురాల్నీ కారవాన్‌లో సముద్రం ఒడ్డుకి తీసుకెళ్లి, రాజభోగాలు చేసి పంపిస్తే, ఆపైన ఆయన నోరు తెరిస్తే ‘మా బావగారి కారవాన్‌లో’ అనే మొదలుపెట్టాలి. నా యాత్రా లక్ష్యం అదీ. సముద్రం చూడాలని నాకేమీ లేదు, షిప్‌యార్డులో చాలా చూశాను.

అహ్ సెంగ్‌కి శనివారమే వీలన్నాడు. వెళ్లాల్సింది తూర్పు తీరానికి. వరలక్ష్మి గోడమీది క్యాలెండర్ ముందు ఆగిపోయింది.

“శనివారం తూర్పుకి శూల కదండీ! కొత్త బండి, మొదటి ప్రయాణం!”

“పోనీ సోమవారం?”

“దానికీ తూర్పే శూల.”

“అయితే గురువారం ప్రస్థానం పెట్టేద్దాం. శూల ముక్కు మీద శూలం గుచ్చేద్దాం,” అన్నాను.

ప్రస్థానం తెలియని పిల్లలకోసం చెబుతున్నాను. బయల్దేరే రోజు మంచిది కాకపోతే, మంచిరోజు చూసి మన వస్తువేదో మూటకట్టి, వెళ్లే దిక్కులో ఉన్న ఎవరింట్లోనైనా పెడతాం. దాంతో ప్రయాణం మొదలైపోయినట్టే లెక్క. తరవాత తీరిగ్గా వెళ్తూ మూట తీసుకుపోవచ్చు. గ్రహాల కళ్లు కప్పడానికి మనవాళ్లు కనిపెట్టిన అడ్వాన్స్ బుకింగ్ అన్నమాట. మామూలువాళ్లు మూటలో ఓ పంచె, పసుపుకొమ్ము, నాలుగు అక్షింతలు పెట్టి ఊరుకుంటారు. నేను మామూలువాణ్ణా? ‘ప్రయాణం మన ఒక్కళ్లదేనా, బండిది కూడాను’ అనుకుని, వరలక్ష్మికి కూడా చెప్పకుండా కారవాన్ తాళంచెవి అందులో పెట్టి ముడేశాను.

క్లెమెంటికి తూర్పున ఉన్న మనవాళ్లిల్లు ఏది? టోవా పాయో. పచ్చగుడ్డ మూట ఒళ్లో పెట్టుకుని ట్రైనెక్కి వెళ్లి, పానకాలు గారి చేతిలో పెట్టాను. ఆయన చెవి దగ్గర పెట్టుకుని ఆడించారు.

“ఏదో గలగలమంటోంది బావగారూ?”

“మా ప్రయాణం,” అన్నాను గంభీరంగా.

శనివారం పొద్దున్న ఆయనే కారేసుకుని, భార్య అన్నపూర్ణగారితో సహా మా బ్లాకు కిందికి వచ్చారు. నేను ముందు సీట్లో చక్రవర్తిలా కూచున్నాను. ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కకముందే ఆయన మొదలుపెట్టారు.

“బావగారూ, అన్నీ తెచ్చుకున్నారా?”

“మీకా సందేహం ఎందుకొచ్చింది?”

“ఏమీ లేదు. దేనికైనా మా ఇంటిమీంచి వెళ్లమంటారా?”

“ఎందుకండీ చుట్టుతిరుగుడు!”

బోర్డర్ దగ్గర కార్ల వరసలో ఆగినప్పుడు మళ్లీ అడిగారు. “మా ఇంటినుంచి మీకేమీ అక్కర్లేదు కదా?”

“మీ ఇంటినుంచి మీరొస్తే చాలు బావగారూ! మరిచిపోయే రోజులు పోయాయి,” అని చెయ్యి ఊపాను. ఆయన చిన్నగా నవ్వి ఊరుకున్నారు. ఆ నవ్వు నాకు అప్పుడు అర్థం కాలేదు. ఇప్పుడు నిద్రలో కూడా అర్థమవుతోంది.

కారు షెడ్డులో పెట్టి నలుగురం జీపెక్కాం. వెనకాల నా కారవాన్ పెళ్లికూతురిలా ఒయ్యారంగా వచ్చింది. పరుపులు, గిన్నెలు, స్టవ్, బియ్యం, జంతికల డబ్బా, ఆవకాయ జాడీ అన్నీ ముందువారమే లోపల సర్దేశాం. అక్కడే వేడివేడిగా వండుకోవచ్చని చేత్తో ఏమీ తెచ్చుకోలేదు. ఒడ్డున కొబ్బరిచెట్ల కింద దాన్ని దింపి అహ్ సెంగ్ అడిగాడు.

“అంకుల్, కీ గాట్ ఆర్ నాట్?”

“గాట్ లా!” అని చొక్కా జేబు తట్టాను. గట్టిగా ఏదో తగిలింది. అతను వెళ్లిపోయాడు.

“తలుపు తియ్యండి, పొయ్యి వెలిగిద్దాం. అందరికీ ఆకలేస్తోంది,” అంది వరలక్ష్మి.

జేబులో చెయ్యి పెట్టాను. గట్టిగా తగిలింది కళ్లజోడు పెట్టె.

ఆ క్షణంలో టోవా పాయోలో, దేవుడి పటం ముందు, పసుపుకొమ్ము పక్కన హాయిగా పడుకున్న తాళంచెవి నా కళ్లకి కట్టింది. కాళ్ల కింద ఇసక జారింది. (కెరటం వచ్చిందిలే అంటోంది వరలక్ష్మి.) ఆమెని పక్కకి లాగి చెవిలో చెప్పాను.

“ప్రస్థానం మూటలో తాళంచెవి పెడతారటండీ ఎవరైనా!”

“నెమ్మది! ఆయన వింటారు.”

“వింటే ఏం? ఉన్న మాట చెప్పెయ్యండి.”

“చెబితే? మంగళసూత్రాల కథకి రెండో భాగం చేతికిచ్చినట్టే! నా కంఠంలో ప్రాణం ఉండగా చెప్పను.”

పొదల చాటుకి వెళ్లి అహ్ సెంగ్‌కి ఫోన్ చేశాను. “యు సే గాట్!” అని కాసేపు నవ్వి, “టుడే వెడ్డింగ్ మకాన్ లా అంకుల్, టుమారో కమ్,” అన్నాడు. పెళ్లిభోజనం వదిలి ఎవడొస్తాడు? నేనైనా రాను.

తిరిగొచ్చేసరికి పానకాలు గారు తలుపు ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారు. “ఏమిటి బావగారూ, ఆలస్యం?”

అబద్ధం ఆడితే అతికినట్టుండాలన్నారు. నేను ఏకంగా సిమెంటు వేశాను.

“బావగారూ, ఇది ఇల్లేనా?”

“ఇల్లే.”

“మరి గృహప్రవేశం కాకుండా ఎలా అడుగుపెడతాం?”

వరలక్ష్మి నుదురు కొట్టుకుంది. పానకాలు గారు మాత్రం ఎంతో శ్రద్ధగా తలూపారు. “భలే మాట! ముహూర్తం ఎప్పుడు?”

“గోధూళి వేళ.”

“అంటే సాయంత్రం దాకా…”

“ఉపవాసం. నిష్ఠ,” అన్నాను. నా కడుపు ఆ మాటకి ఒప్పుకోక పెద్దగా అరిచింది.

నలుగురం ఇసకలో చాప పరుచుకుని, మూసి ఉన్న తలుపుకేసి చూస్తూ కూచున్నాం, దర్శనం వేళ కోసం భక్తులు కూచున్నట్టు. కాసేపటికి అన్నపూర్ణగారికి ధర్మసందేహం వచ్చింది. “గోధూళి అంటే ఆవులు రావాలి కదా అన్నయ్యగారూ. ఇక్కడ ఆవులేవీ?”

నేను జవాబు వెతుక్కుంటుండగా కారవాన్ పైకప్పు మీద దబ్బుమంది. ఆవు కాదు, కోతి. బాగా బలిసిన పెద్దకోతి. లోపలికి గాలి ఆడాలని ఓ మేధావి పైకప్పు కిటికీ ఓరగా తెరిచి ఉంచాడు. ఆ మేధావి ఎవరో మీరు అడగరు, నేను చెప్పను. కోతి దాన్ని ఎత్తి, మాకేసి ఒకసారి చూసి, కుడికాలు ముందు పెట్టి లోపలికి దిగింది.

నలుగురం అద్దాల కిటికీకి ముక్కులు ఆనించాం. లోపల కోతి జంతికల డబ్బా మూత తీసి, పానకాలు గారికని ప్రత్యేకంగా కొన్న కొత్త దిండు మీద చేరబడి, ఒక్కొక్కటే తీసి తింటోంది. రాజభోగాలన్నాను చూడండి, అవన్నీ దానికి జరుగుతున్నాయి.

“ఇదేమిటండీ అన్నయ్యగారూ! గృహప్రవేశానికి ముందు ఆవుని పంపుతారు గాని!”

“ఈ దేశంలో ఇదే ఆచారం చెల్లెమ్మా.”

“తలుపు తీసి తరుముదురూ!”

“ముహూర్తం కాకుండానా? అపచారం!”

పానకాలు గారు గడియారం చూసుకున్నారు. “బావగారు చెప్పింది నిజమే. ఇంకా చాలా టైముంది,” అన్నారు.

జంతికలు అయిపోయాయి. కోతి లేచి ఒళ్లు విరుచుకుని, అరమీదున్న ఆవకాయ జాడీని చంకనేసుకుంది. నా పక్కన ఊపిరి ఆగిన చప్పుడు. వరలక్ష్మి సహనానికి హద్దులు చాలా దూరంలో ఉంటాయి, కాని ఆ హద్దు రాయి మాత్రం ఆవకాయ జాడీయే.

“మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా?”

ఆ గొంతు విన్నాక కంఠంలో ప్రాణం, పరువు, సిమెంటు అన్నీ ఒకేసారి కారిపోయాయి.

“బావగారూ… ముహూర్తమూ లేదు, మట్టీ లేదు. తాళంచెవి మరిచిపోయాను. మీ ఇంట్లో పెట్టిన మూటలో ఉంది.”

పానకాలు గారు భుజానికున్న సంచీ జిప్పు తీశారు. అందులోంచి రెండో గొడుగు తీసి పక్కన పెట్టారు. దాని కిందనుంచి పచ్చగుడ్డ మూట తీసి, చెవి దగ్గర ఓసారి గలగలలాడించి, నా చేతిలో పెట్టారు. వేసిన ముడి వేసినట్టే ఉంది.

“ప్రస్థానం మూట లేకుండా ప్రయాణం సాగకూడదు కదా బావగారూ. మీరు అడగ్గానే ఇద్దామని తెచ్చాను. పొద్దుట్నుంచీ నేనే అడిగాను, అన్నీ తెచ్చుకున్నారా అని.”

“మరి ఇక్కడికొచ్చాకైనా ఇవ్వొచ్చు కదండీ!”

“ఇద్దామని సంచీలో చెయ్యి పెట్టాను. ఈలోపు మీరు గృహప్రవేశం అన్నారు, గోధూళి అన్నారు, నిష్ఠ అన్నారు. పెద్దవారు, శుభమా అని ముహూర్తం పెట్టుకుంటే మధ్యలో తాళం తీసి అపచారం చెయ్యమంటారా?”

తలుపు తీశాను. సరిగ్గా అప్పుడే లోపల కోతి ఆవకాయ రుచి చూసింది. గుంటూరు కారం జొహోర్ కోతి నాలుకని పలకరించిన ఆ ముహూర్తం ఏ పంచాంగంలోనూ ఉండదు. అది మా నలుగురి మధ్యనుంచి తారాజువ్వలా దూసుకుపోయి సముద్రంలో మూతి పెట్టింది. జాడీ మాత్రం క్షేమం. వరలక్ష్మి దాన్ని ఎత్తుకుని గుండెకి హత్తుకుంది. పెళ్లైన ఇన్నేళ్లలో నాకు అంత భాగ్యం దక్కలేదు.

ఇప్పుడు ఏ బారసాలకి వెళ్లినా పానకాలు గారు ‘మా బావగారి కారవాన్‌లో’ అనే మొదలుపెడతారు. నేను కోరుకున్నది అక్షరాలా జరిగింది. ముందు మంగళసూత్రాలు, తరవాత కారవాన్, మధ్యలో విరామం. నేను ఇదివరకు ఒక అప్పడంతో నెట్టుకొచ్చేవాణ్ణి, ఇప్పుడు రెండు కావాలి.

కాబట్టి అగ్నిసాక్షిగా, అగ్ని లేదు గనక ఆవకాయసాక్షిగా, ఇందుమూలంగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇక ఈ జన్మలో ఏ తాళంచెవినీ మూటకట్టను. వియ్యంకుడి ఎదుట ముహూర్తం అన్న మాట ఎత్తను. ఆయన ‘అన్నీ తెచ్చుకున్నారా’ అని అడిగితే, తెచ్చుకున్నా సరే, లేదనే చెబుతాను.

ఈ ప్రతిజ్ఞ తప్పే ప్రమాదమేమీ లేదు. ఆ తాళంచెవి వరలక్ష్మి ఆజ్ఞ ప్రకారం ఆనాటినుంచీ టోవా పాయోలోనే, శాశ్వత ప్రస్థానంలో ఉంది.