సీసా అడుగున మిగిలింది

కృష్ణపట్నానికి దగ్గర్లోని మా పల్లెలో చిన్న ఆస్పత్రి ఉండేది. అక్కడ కట్లు కట్టే ఆయా మా పెద్దమ్మ నాగులమ్మ. సాయంత్రం ఇంటికొస్తే ఆమె చీరంతా పుండ్లు కడిగే లోషన్ వాసన. చిన్నప్పుడు ఆ వాసన పీలుస్తూ ఆమె ఒళ్ళోనే నిద్రపోయేదాన్ని.

లోషన్ నెల్లూరు నుంచి బస్సులో రావాలి. వానలొస్తే బస్సు రాదు. వచ్చినవాళ్ళకు మందు లేదని చెప్పడం పెద్దమ్మకు చేతకాదు. సీసాలో తగ్గేకొద్దీ నీళ్ళు పోసేది. కొత్త మందొస్తే పాతదాని మీదే పోసేది. వాసన వస్తోంది కదా, పనిచేస్తుందనుకునేది.

అరవై రెండులో చేపలు పట్టే చిన్నపోలయ్యకు ఆల్చిప్ప గీసుకుని కాలు తెగింది. పెద్దమ్మ రోజూ కడిగి కట్టింది. మానాల్సింది పోయి పచ్చటి చీము పట్టింది. పెన్సిలిన్‌కు లొంగలేదు, స్ట్రెప్టోమైసిన్‌కూ లొంగలేదు. డాక్టరు జయరామయ్యగారు చీముతోపాటు లోషన్‌నూ మద్రాసుకు పరీక్షకు పంపినారు. రెండింటిలోనూ ఒకే క్రిమి కనిపించింది.

"మందులో క్రిములేంది అయ్యా?" పెద్దమ్మ నమ్మలేదు.

"మందు పలచనైపోయింది నాగులమ్మా. బలం లేనివి చచ్చి, మొండివి మిగిలినాయి. సీసా అడుగున అవే పెరిగినాయి. అట్లా లోషన్‌ను తట్టుకునేవాటిలో కొన్ని సూదిమందును కూడా తట్టుకుంటాయి. కనిపెట్టాల్సింది నేను. కనిపెట్టలేదు."

పోలయ్యను నెల్లూరు తీసుకుపోయి రెండు కాలివేళ్ళు తీసేసినారు. ఇంటికొచ్చినాడని తెలియగానే పెద్దమ్మ బయల్దేరింది. నేనూ వెంట పోయినా.

"పోలయ్యా, నేను పోసిన లోషన్‌లోనే ఉందంట ఆ క్రిమి. నా చేతిమీదుగానే నీకు అంటుకుంది" అనింది.

పోలయ్య పెళ్ళాం పిచ్చమ్మ విసురుగా లోపలికి పోయింది. పోలయ్య కట్టు కట్టిన కాలు ముందుకు చాపుకున్నాడు.

"రోజూ నా కాలు ఒళ్ళో పెట్టుకోని కడిగినావు గదక్కా. నిన్నేమని తిట్టేది?" అన్నాడు.

ఆ తర్వాత పెద్దమ్మ ఏ పూట మిగిలిన లోషన్ ఆ పూటే పారబోసేది. సీసా ఉడకబెట్టి, కొలత ప్రకారం కొత్తగా కలిపేది. మందు లేకపోతే లేదనే చెప్పి, కాచి చల్లార్చిన ఉప్పునీళ్ళతో కడిగేది.

పోలయ్య కుంటుకుంటూనే మళ్ళీ పడవెక్కినాడు. మొదటిసారి వల నిండిన రోజు మా వాకిట్లో ఒక వంజరం చేప పెట్టి పోయినాడు. పెద్దమ్మ మామిడికాయ వేసి పులుసు చేసింది. మా అందరికీ వడ్డించింది. తను మాత్రం కంచం ముందు కూర్చుని ముద్ద ఎత్తలేకపోయింది.