గేటు బయటి లారీల వరుస

ఆరేళ్లుగా నన్ను అందరూ పొగుడుతున్న పని నాది కాదు. ఇన్నాళ్లూ ఈ బరువు మోశాను. ఈ మధ్య మా ఆఫీసులో దించబోతే, ఇప్పుడెందుకు, ఊరుకోమన్నారు. ఊరుకోను. అందుకే మీకు చెబుతున్నాను. నన్ను ఓదార్చనక్కర్లేదు.

విశాఖలో మాదొక సాఫ్ట్‌వేర్ కంపెనీ. పోర్టుల్లో, గోడౌన్లలో సరుకు ఎక్కడ పెట్టాలో, ఎలా తియ్యాలో చెప్పే ప్రోగ్రాములు రాస్తాం. ఏడేళ్ల క్రితం కొత్త ఇంజినీర్ల కోసం ఇంటర్వ్యూలు పెట్టారు. ప్రశ్నలు అడిగేది నేను. పక్కన హైదరాబాదు నుంచి వచ్చిన మేనేజరు. నాకది మొదటిసారి. వచ్చినవాళ్లతో పాటు ఆయన నన్నూ తూకం వేస్తున్నాడని తెలుసు.

మధ్యాహ్నం గోపాలపట్నం నుంచి ఒక అమ్మాయి వచ్చింది. తండ్రి ట్రైలర్ లారీ డ్రైవరు, పోర్టు నుంచి కంటైనర్లు తోలుతాడని చెప్పింది. పొద్దుటి నుంచి అందరినీ అడిగిందే ఆమెనూ అడిగాను. కంటైనర్లు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. లారీ వచ్చి అడుగుది కావాలంటే పైవన్నీ దించాలి. వీలైనన్ని తక్కువసార్లు ఎత్తి దించేలా ప్రోగ్రాం రాయాలి. అంతకుముందు వచ్చినవాళ్లంతా పుస్తకంలో ఉన్న జవాబే రాశారు.

ఆమె కంటైనర్లు గీయలేదు. గేటు బయట ఆగి ఉన్న లారీలు గీసింది. ఇంగ్లీషులో మొదలుపెట్టి, తడబడి, తెలుగులోకి వచ్చేసింది.

"లారీ లోపలికొచ్చాక ఎతకడమేటి సార్? లైన్లో ఎవరి ఎనకాల ఎవరున్నారో ముందే తెలుసు కదా. ఆ వరసలో ముందే సద్దేసుకుంటే సరి."

"లైను సంగతి ప్రశ్నలో లేదమ్మా."

"ప్రశ్నలో లేదు సార్. రోడ్డు మీదుంది. మా నాన్న ఆ లైన్లోనే పూటలు పూటలు కూకుంటాడు. నాను సూశాను."

మేనేజరు చిన్నగా నవ్వాడు. ఆ 'నాను' విని.

ఆ మాట మా ఇంట్లో మాట. మా అమ్మ ఇప్పటికీ అలాగే అంటుంది. కాలేజీలో ఎగతాళి పడలేక నేను దాన్ని నాలుక మీంచి గీకి పారేశాను, ఎంత శ్రద్ధగా గీకానంటే నాది ఏ ఊరో ఎవరూ కనిపెట్టలేరు. ఆ నవ్వు ఆమె మీద. సిగ్గు మాత్రం నాది. ఆమె అక్కడ ఇంకాసేపు కూర్చుంటే నా గుట్టు కూడా బయటపడుతుందనిపించింది. పిరికితనం కాకపోతే ఇదేమిటి?

ఆమె చెప్పింది అర్థం కాలేదా? అయింది. ఆ గదిలోనే, ఆ నిమిషంలోనే అయింది. అర్థమై కూడా ఆమె ఫారం మీద రాశాను: ప్రశ్నను గ్రహించలేదు, భాష సరిగా లేదు. మేనేజరు సంతకం పెట్టాడు. ఆయన్ని తప్పుపట్టను. రాసిన చెయ్యి నాది.

ఏడాది తిరక్కుండానే, మా ప్రోగ్రాం వాడే ఒక కంటైనర్ యార్డులో లారీలు గంటల తరబడి నిలిచిపోతున్నాయని ఫిర్యాదు వచ్చింది. మీటింగులో అందరూ తలలు పట్టుకున్నారు. నేను లేచి బోర్డు మీద గేటు బయట లారీలు గీశాను. చప్పట్లు కొట్టారు. నన్ను టీం లీడ్‌ని చేశారు. ఎవరైనా ఇలాగే ఆలోచించి ఉండేవారులే అని నాకు నేను చెప్పుకున్నాను. మరి ఆమె కంటే ముందు ఎవరూ ఆలోచించలేదేం?

రెండు నెలల క్రితం అచ్యుతాపురంలో ఒక ఫ్యాక్టరీ స్టోర్సుకు మా ప్రోగ్రాం పెట్టడానికి వెళ్లాను. కంప్యూటరు దగ్గర ఆమె. అక్కడ సరుకు లెక్క రాసే ఉద్యోగం. నన్ను గుర్తుపట్టింది. నేను నేర్పుతుంటే వింది. గేటు బయటి లారీల వరుస చూపే తెర వచ్చినప్పుడు ఆమె చెయ్యి మౌస్ మీద ఆగిపోయింది. అబద్ధమాడే వీలు అప్పుడూ ఉంది. కానీ నోరు తెరిస్తే నిజమే వచ్చింది. ఇది మీదేనండీ, అన్నాను. అంతా చెప్పాను.

ఆమె తెర మీంచి నా వైపు తిరిగింది.

"ఆరోజు మీకర్తమైందా సార్?"

"అయింది."

"నాను సరిగ్గా సెప్పలేకపోయాననుకున్నాను. ఆ తర్వాత ఇంకే ఇంటర్వ్యూకీ ఎల్లలేదు."

తిట్టలేదు. క్షమించనూ లేదు. తర్వాత ఏ బటన్ నొక్కాలో అడిగింది. చెప్పాను.

నేను ఉద్యోగం ఒక్కటే లాక్కున్నానని అనుకునేవాణ్ణి. కాదు. తన బుర్ర మీద ఆమెకున్న నమ్మకాన్ని లాక్కున్నాను. దాన్ని ఏ మెయిలుతో తిరిగిచ్చేది?

మర్నాడు కంపెనీకి జరిగింది రాసి, ఆమెను ఉద్యోగానికి పిలవమన్నాను. పైవాళ్లు నన్ను కూర్చోబెట్టి క్లయింట్ల ముందు పరువు పోతుందన్నారు. ఆలోచన ఎవరిదైతేనేం, ప్రోగ్రాం రాసింది నువ్వే కదా అన్నారు. ఆరేళ్లు నేను చెప్పుకున్న మాటలే. ఇంకొకరి నోట వింటే ఎంత నీచంగా ఉన్నాయో తెలిసింది.

పోయిన వారం కొత్తగా చేరినవాళ్లకు పాఠం చెబుతూ, ఇది ఎలా తట్టింది సార్ అని ఒకరు అడిగితే, ఆ గది మొత్తానికీ చెప్పేశాను. సాయంత్రానికి సంజాయిషీ అడుగుతూ నోటీసు వచ్చింది. ఆమె పేరు ఇక్కడ రాయనిది దాచడానికి కాదు, ఆమెను అడగలేదు గనక. ఇదంతా రాసి ఆమెకు పంపిన మెయిలుకు జవాబు రాలేదు. రావాలనీ లేదు.

నోటీసుకు ఈ పొద్దున జవాబు రాశాను. రెండే వాక్యాలు. ఈ పద్ధతి ఆమెది. అది సరైనదని తెలిసే నేను ఆమెను కాదన్నాను.