దొరసాని టైపు

అక్షరాన్ని చూసి మనసు పారేసుకునే వయసు ఒకటి ఉంటుందంటే ఇప్పటి పిల్లలు నవ్వుతారు. నవ్వనీండి. ఆ రోజుల్లో, అంటే అరవైల మొదట్లో, నెల్లూరులో ఒక చిన్న అచ్చాఫీసులో నేను కంపోజిటర్ని. పొద్దస్తమానం సీసపు అక్షరాలు ఏరి పేర్చడం, నల్లబడిన వేళ్ళతో ఇంటికి పోవడం. అట్లాంటి నా బతుకులోకి మద్రాసు నుంచి కొత్త ఇంగ్లీషు అక్షరాల టైపు ఒకటి దిగింది. నిలువు గీతలు బొద్దుగా, అడ్డగీతలు వెంట్రుకంత సన్నగా, ప్రతి గీత చివరా అంతే సన్నని పాదం. మిషను తొక్కే అన్న ఒక అక్షరాన్ని వెలుతురుకు పెట్టి చూసి, "నడుం చూడబ్బా, దొరసానే" అన్నాడు. ఆ పేరే ఖాయమైంది. (అసలు పేరు డబ్బా మీద ఉండేదిగాని, మేమెవరమూ ఆ పేరుతో పిలిచిన పాపాన పోలేదు.)

ఓనరుగారు దాన్ని ప్లీడర్ల విజిటింగు కార్డులకు తప్ప బయటికి తీయనిచ్చేవారు కాదు. ఆయన భోజనానికి వెళ్ళిన మధ్యాహ్నాల్లో, పెంకుల మధ్య అద్దంలోంచి ఎండ జారే చోట కూర్చుని, నేను 'ఆర్' అక్షరాన్ని అరచేతిలో పెట్టుకునేవాణ్ణి. అది కాలు చాపుకుని నిలబడే తీరు చూస్తుంటే ఆకలి కూడా తెలిసేది కాదు. ఆదివారాలు మైపాడు పోయి తడి ఇసుకలో అదే అక్షరం వేసేవాణ్ణి. లావు గీతకు అరచేతి అంచు, సన్న గీతకు చీపురుపుల్ల. అల వచ్చి ముందు సన్నగీతలనే తుడుచుకుపోయేది, లావువి కాసేపు నిలిచేవి. సముద్రం అంత విడమరిచి చెప్పినా నా బుర్రకెక్కలేదు.

ఇంతలో అల్లూరు వైపు సంబంధం కుదిరింది. అమ్మాయి పేరు 'ఆర్'తో మొదలవుతుందని తెలియగానే ఇక జాతకాలు చూడనక్కర్లేదనుకున్నాను. పెళ్ళిచూపుల్లో వాళ్ళక్క నవ్వుతూ, మా చెల్లెలి పేరు ఇంతవరకూ ఎక్కడా అచ్చులో పడలేదు, మీరైనా వేయిస్తారా అని అడిగింది. తలవంచుకున్న అమ్మాయి ఒక్కసారి కళ్ళెత్తి చూసింది. అంతే, నాకు పెళ్ళి వెనక్కిపోయి శుభలేఖ ముందుకొచ్చింది. దాని మీద ఇంగ్లీషులో, దొరసాని టైపులో ఆమె పేరు ఉండాలి, అది చూసి ఆమె ఇంత పనిమంతుడికి ఇల్లాలినవుతున్నానని మురిసిపోవాలి. నాకు వేరే కోరిక లేదు.

ఓనరుగారిని బతిమాలితే, సన్నగీత ఒక్కటి విరిగినా పెళ్ళిపీటల మీంచి లేచి కొత్తది తేవడానికి మద్రాసు పోవాల్సింది నువ్వేనని చెప్పి తాళం ఇచ్చారు. తీరా పేర్చబోతే ఇంకో చిక్కు. దొరల భాషకు లెక్క చూసి పోసిన టైపు అది. అందులో 'ఏ' అక్షరాలు కొన్నే. మన పేర్లా, ఊళ్ళా, 'ఏ'లను అటుకుల్లా బుక్కేస్తాయి. పెద్దలందరి పేర్లూ పేర్చి పెళ్ళికూతురి దగ్గరికి వచ్చేసరికి అరలో 'ఏ' అన్నది లేదు. అన్నీ విప్పేసి ఆమె పేరొక్కటే దొరసానిలో పెట్టాను. మిగిలినవాళ్ళందరికీ మామూలు టైపే. (మా మామగారి పేరు మందుసీసాల లేబుళ్ళ టైపులో పడింది. ఆయన ఆ సంగతి పోయేదాకా మరిచిపోలేదు.)

గట్టిగా నొక్కితే నడుం విరుగుతాదని మిషను అన్న పువ్వును తాకినట్టు అచ్చు వేశాడు. లావు గీతలు నల్లగా నిగనిగలాడాయి, సన్నవి ఉన్నాయా లేవా అన్నట్టు పడ్డాయి. నాకు అదే అందమనిపించింది. కార్డుల కట్ట అల్లూరు పంపి, ఆమె వాటిని చూస్తున్నట్టు పగటికలలు కంటూ పెళ్ళిరోజు దాకా గడిపాను.

పందిట్లో ఎదురుగా ఒక పెద్దాయన శుభలేఖతో విసురుకుంటున్నాడు. చూద్దును కదా, దొరసానికి నడుం లేదు! గీతలన్నీ ఒకే లావున ఉన్నాయి, పైగా సన్నగా ఉండాల్సినవి నీలం రంగులో. ఆ తరవాత పురోహితుడు చెప్పిన మంత్రాల్లో ఒక్కటీ నా చెవిన పడలేదు.

నెల్లూరు బస్సులో ఆమె కిటికీ పక్కన కూర్చుంది. బయట వరిచేలు పచ్చగా కదిలిపోతున్నాయి. లావు సన్నాల సొగసు గురించి మనసులో పెద్ద ఉపన్యాసం సిద్ధం చేసుకుని, కార్డు చూశావా అని మొదలుపెట్టాను.

"చూసినాను. అచ్చు సరిగ్గా పడలేదు గదా, సగం గీతలు లేనే లేవు" అంది మెల్లగా. "మీకు పని రాదని నలుగురూ అనుకుంటారని, నేనూ అక్కా కూసోని మొన్నటిదాకా కార్డులన్నీ పెన్నుతో దిద్దినాం."

ఆమె చూపుడువేలి మీద, పసుపు పక్కనే, నీలం సిరామరక ఇంకా ఉంది. నా పరువు కాపాడిన మరక. నాకు ఏడుపూ వచ్చింది, ప్రేమా వచ్చింది. ప్రేమే ఎక్కువ వచ్చింది. "బాగా దిద్దినావు" అన్నాను.

ఆ కార్డు ఒకటి ఇంకా మా పెట్టెలో ఉంది. మొన్న బట్టలు సర్దుతూ ఆమే బయటికి తీసింది. ఇన్నేళ్ళకు ఆ సిరా వెలిసిపోయింది. దాని కింద నుంచి దొరసాని సన్నగీతలు ఒక్కొక్కటే తేలి వచ్చాయి. మైపాడు ఇసుకలో చీపురుపుల్ల పట్టుకుని వంగిన ఆ కుర్రాడు గుర్తొచ్చి, పిచ్చివాడా, చూడు, చెరిగిపోలేదులే అనుకున్నాను.

ఆమె కళ్ళద్దాలు సర్దుకుని కార్డు దగ్గరగా పెట్టుకుంది. "ఏందండీ ఇది, గీతలు మళ్ళీ పోయినాయే" అంటూ చెయ్యి చాపింది.

నేను పెన్ను మూత తీసి ఇచ్చాను.