పెద్దమ్మ నోటి తిథి

ఈ ఏడు శివరాత్రికి పక్కింటివాళ్ళు పొద్దున్నే కందగడ్డలు ఉడకబెట్టారు. తడిమట్టి, బెల్లం కలిసినట్టుండే ఆ ఆవిరి వాసన మా వంటింటి కిటికీలోంచి నేరుగా లోపలికి వచ్చింది. శివరాత్రి దగ్గరపడిందంటే బేగంబజార్ దారిలో కందగడ్డల గుట్టలు, ఈగలు ముసిరిన ఖర్జూరాలు, నీళ్ళు చల్లిన నల్లద్రాక్ష, సగానికి కోసి పెట్టిన తర్బూజా పుచ్చకాయలు కనిపిస్తాయి. చూస్తే ఎవరికైనా నోరూరుతుంది. నాకు మాత్రం కడుపు మండుతుంది. లేచి వెళ్ళి కిటికీ రెక్కలు రెండూ బిగించి మూశాను. లోపలి గదిలో మా పెద్దమ్మ పడుకుని ఉంది. కళ్ళు మసకబారాయి, జ్ఞాపకం సగం పోయింది కానీ ఆ ముసలిదాని ముక్కు మాత్రం ఇప్పటికీ చురుగ్గా పనిచేస్తుంది. ఆ వాసన తగిలితే ఇవాళ పండుగని ఆమెకు తెలిసిపోతుంది. తెలియకూడదు. ఎందుకు తెలియకూడదో చెప్పాలంటే ఛత్రినాకలోని మా పాత ఇంటి నుంచి మొదలుపెట్టాలి.

ఆ ఇంట్లో పెద్దమ్మ, పెద్దబాపుల కుటుంబం, మా కుటుంబం ఒకే పొయ్యి మీద వండుకు తినేవాళ్ళం. పెద్దబాపుకు బేగంబజార్‌లో ఇత్తడి సామాన్ల దుకాణం ఉండేది. ఆయన తమ్ముడు మా బాపు బస్సు డిపోలో మెకానిక్కు, చేతులకు ఎప్పుడూ గ్రీజు. షాబాదు బండలు పరిచిన వాకిలి, ఒక మూల నల్లా, ఇంకో మూల రోలు, ఆ వాకిలి చుట్టూ గదులు. వాటిలో అన్నిటికన్నా పెద్దది పెద్దమ్మది, ఆ గది తలుపు వెనకాల మేకుకు ఇంటికంతటికీ ఒకే ఒక తిథుల క్యాలెండర్ వేలాడేది. పొద్దున్నే పెద్దమ్మ స్నానం చేసి, తడి జుట్టు ముడేసుకుని, కళ్ళద్దాలు పెట్టుకుని దాన్ని చదివేది. మా అమ్మ గడప బయట చేతులు కట్టుకుని నిలబడి అడిగేది: "అక్కా, ఇయ్యాల ఏం తిథి?" పెద్దమ్మ ఏది చెబితే అదే తిథి. సూర్యచంద్రులు ఎక్కడున్నా మా ఇంట్లో పండుగలు, ఒక్కపొద్దు ఉపవాసాలు ఆమె నోట్లోంచే రావాలి.

ఎన్ని పండుగలు, ఎన్ని వాసనలు! ఉగాదికి గ్లాసుల్లో పోసుకుని తాగే పచ్చడి, వేలు కాలే పూర్ణం బచ్చాల మీద కరిగిపోయే నెయ్యి, నాగుల పంచమికి నువ్వుల చిమ్మిలి ఉండలు, చవితికి ఆవిరి పట్టిన కుడుములు, పెద్దలకు పెట్టే పెత్రమాస అమావాస్యనాటి మధ్యాహ్నం ఇల్లంతా నిండే పప్పుగారెల నూనె వాసన, ఆ సాయంత్రమే మొదలయ్యే బతుకమ్మ, తంగేడు పూల పుప్పొడితో పచ్చబడిన మా గౌన్లు, సద్దుల బతుకమ్మ రోజు చేతుల్లో పెట్టే రొట్టె, బెల్లం కలిపిన మలీద ముద్దలు. ఇవన్నీ వండింది మా అమ్మ సుగుణ. ఎక్కువసార్లు ఉపవాసం ఉండే వండింది. నైవేద్యానికి ముందు పెద్దవాళ్ళెవరూ రుచి చూడకూడదు గనక, పులుసులో ఉప్పు సరిపోయిందో లేదో వాసన పట్టి చెప్పడం నేర్చుకుంది. నా చిన్నతనంలో నేను తిన్న రుచులన్నీ ఆకలితో ఉన్న మనిషి వండినవే. మేము అష్టాచెమ్మా ఆడుతూ, గారె కోసం కొట్టుకుంటూ, ఆమె వైపు ఒక్కసారి కూడా చూసేవాళ్ళం కాదు.

పెద్దమ్మ బేగంబజార్‌లో నాలుగు తరాల వ్యాపారస్తుల ఇంట్లో పుట్టింది. మా అమ్మ దబీర్‌పురా స్టేషన్ పక్కన రైల్వే క్వార్టర్‌లో పెరిగింది. "పట్టాల పక్కన పెరిగినదానికి ఆచారాలేం ఎరుక?" అని వచ్చినవాళ్ళ ముందు నవ్వుతూ అనేది పెద్దమ్మ. ఆ ఎరుక నేర్పడానికి ఆమె పట్టుకున్న బెత్తం తిథుల మిగులు తగులు. ఒక్కోసారి తిథి సూర్యోదయం తర్వాత మొదలై మరునాటి దాకా సాగుతుంది, అంటే రెండు రోజులకూ తగులుతుంది. అలాంటప్పుడు ఎవరి ఇంటి పద్ధతిని బట్టి వాళ్ళు ఏదో ఒక రోజు ఉపవాసం ఉంటారు. పెద్దమ్మ రెండో రోజు ఉండేది, అదీ పాలు, ఖర్జూరాలు, సాబుదానా కిచిడీతో. మా అమ్మకు మాత్రం, "సుగుణా, నీకింక అలవాటు గావాలె, రెండు పొద్దులూ ఉండు" అని చెప్పేది. సంకటహర చవితికి చంద్రుడు మా నీళ్ళ ట్యాంకు మీదికెక్కి తెల్లగా నవ్వుతున్నా, పెద్దమ్మ వాకిట్లోకి వచ్చి తన కళ్ళతో చూసేదాకా అమ్మ నోట్లో మెతుకు పడేది కాదు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటే ఇదే. మా బాపు ఇదంతా చూస్తూ తల వంచుకుని అన్నం తినేవాడు. ఆయన మీద కూడా నాకు కోపం పోలేదు.

మా గోడ అవతల, మేమంతా ఖాలా అని పిలిచే ముస్లిం పెద్దావిడ ఉండేది. రంజాన్ రోజుల్లో సాయంత్రం సైరన్ మోగగానే ఆ గల్లీ గల్లీ అంతా ఒకేసారి ఖర్జూరం నోట్లో వేసుకునేది, ముసలివాళ్ళు, కోడళ్ళు, కూలీలు, అందరూ ఒకే నిమిషంలో. తమ రోజా సైరన్‌తో విడుస్తారు, మరి నీ ఉపవాసం ఎందుకు విడవదని ఒకరోజు ఆమె గోడ మీది నుంచి మా అమ్మను అడిగింది: "సుగుణా, హమారా రోజా తో సైరన్ కు ఖుల్తా. తుమారా కైకు నై ఖుల్తా?" అమ్మ నవ్వి, "మాది మా అక్క నోటితోని ఖుల్తది ఖాలా" అంది. ఖాలా నవ్వలేదు.

ఒక ఏడు తొలి ఏకాదశి అలాగే రెండు రోజులకు తగిలింది. తొలి ఏకాదశి అంటే పేలాలపిండి. అమ్మ మొదటి రోజంతా మంచినీళ్ళ మీద గడిపి, రెండో రోజు మధ్యాహ్నం పొయ్యి ముందు కూర్చుని జొన్నలు వేయించింది. బాండీలో జొన్నలు టపటపా పేలి మల్లెమొగ్గల్లా ఎగిరి పడుతుంటే మేము ఏరుకోవడానికి చుట్టూ మూగాం. వాటిని రోట్లో పోసి, బెల్లం, యాలకులు వేసి దంచింది. దంచుతుంటే వచ్చే ఆ కమ్మటి వాసన గల్లీ మొదటిదాకా పోయింది. దంచడం ఆపి, రోకలికి అంటుకున్న పిండిని వేళ్ళతో తీసి, ఆ వేళ్ళను ఆమె నోట్లో పెట్టుకుంది. కావాలని చేసిందని కూడా నేననుకోను, చెయ్యి దానంతటదే పోయి ఉంటుంది. ఇంకా నైవేద్యం కాలేదు.

పసుపు కుంకుమకు వచ్చిన ఆడవాళ్ళు వాకిట్లోనే ఉన్నారు. పెద్దమ్మ తన గది గడప మీది నుంచి అంది:

"ఏంది సుగుణా, నీ మూతికి ఏందది?"

అమ్మ కొంగుతో తుడుచుకుంది. పెద్దమ్మ వచ్చి చెంబెడు నీళ్ళు చేతిలో పెట్టింది. "పుక్కిలించు. ఈడనే, అందరి ముందట." అమ్మ వాకిలి తూము దగ్గర వంగి పుక్కిలించి ఉమ్మింది. ఎవరో కిసుక్కున నవ్వారు. నా చేతిలో, న్యూస్‌పేపర్ పొట్లంలో, అమ్మ అందరికన్నా ముందు నాకు పోసిన వేయించిన పేలాలున్నాయి. నోట్లో వేసుకున్నవి మింగలేక, ఉమ్మలేక నిలబడ్డాను. అప్పుడు నాకు ఏడుపు రాలేదు, పళ్ళు నూరుకున్నాను. ఆ నూరుడు ఇంకా ఆగలేదు.

అదే ఆషాఢం చివర మా దగ్గర బోనాలు. ఆ ఏడు బోనం ఎత్తుకునే వంతు అమ్మది. పెళ్ళయి వచ్చినప్పటి నుంచి ఆమె ఎదురుచూసిన రోజు అదొక్కటే. నెల ముందే కొత్త కుండ తెచ్చి, సున్నం పూసి, పసుపు కుంకుమ బొట్లు ఎలా పెట్టాలో బొగ్గుతో గుర్తులు గీసుకుంది. పెట్టెలోంచి పట్టుచీర తీసి ఎండకు వేసింది. పొద్దున బెల్లం వేసి పాలల్లో బువ్వ వండి, కుండ నింపి, చుట్టూ వేపమండలు కట్టాక, పెద్దమ్మ వచ్చి అమ్మ భుజం మీద చెయ్యి వేసింది. "ఎంగిలి చేతుల బోనం అమ్మవారు ముట్టది సుగుణా. ఇంటికి కీడు తేకు." అని బోనాన్ని, పండుగకు వచ్చిన తన చెల్లెలి తలకెత్తింది. డప్పులు గల్లీ మలుపు తిరిగేదాకా అమ్మ దర్వాజ పట్టుకుని చూసింది. తిరిగొచ్చిన ఆ కుండలో తర్వాత చింతపండు దాచుకున్నారు.

ఆ తర్వాత పొయ్యిలు వేరయ్యాయి, పెద్దబాపు పోయాడు, ఇల్లు అమ్ముడై అక్కడ మూడంతస్తులు లేచాయి. ఎత్తుకొమ్మని నేను ఎన్నిసార్లు బతిమాలినా అమ్మ మళ్ళీ బోనం ఎత్తుకోలేదు. "వద్దు బిడ్డా, అమ్మవారికి నామీద కోపమున్నది" అనేది. పెద్దమ్మ అన్న మాటను ఆమె నమ్మింది. అవమానాన్ని నేను మన్నించేదాన్నేమో, ఆ నమ్మకాన్ని మాత్రం మన్నించలేను. చనిపోయే ముందు ఆస్పత్రి మంచం మీద కూడా, తప్పు కాయమని అమ్మవారికి చెప్పమంది నాతో.

పెద్దమ్మకు ఇద్దరు కొడుకులు. ముసలితనంలో ఆమె మడి, ఆమె పెత్తనం భరించలేక కోడళ్ళిద్దరూ చేతులెత్తేశారు. నేను ముందుకొచ్చి, "నేను తీసుకుపోతా" అన్నాను. చుట్టాలంతా ముక్కు మీద వేలేసుకున్నారు. ఖాలా కూతురు ఫోన్ చేసి, "తుమ్కు జన్నత్ మిలేగీ" అంది. ఆ స్వర్గం నాకు అక్కర్లేదు, నా ఇంట్లో ఆమెను ఉంచే గది ఒక్కటి చాలు.

వచ్చిన మరునాడు తెల్లవారుతూనే పెద్దమ్మ అడిగింది: "ఇయ్యాల ఏం తిథే?" ఆ ప్రశ్న ఆమె నోట వినడానికి నేను ముప్ఫై ఏళ్ళకు పైగా కాచుకున్నాను. "ఏకాదశి" అన్నాను. పస్తు అంటే ఏమిటో చూడనీ అనుకున్నాను. ఆమె ముఖం దీపం పెట్టినట్టు వెలిగింది. లేచి కూర్చుని, తల దువ్వించుకుని, మధ్యాహ్నం దాకా మంచినీళ్ళు కూడా ముట్టకుండా, వచ్చిన పనిమనిషికి తన ఉపవాసాల గొప్పలు చెప్పింది. ఆకలి ఆమెకు శిక్ష కాదు, నగ. ఆ రోజు నేనే ఓడిపోయాను. సాయంత్రం ఆమె కళ్ళు తిరిగితే డాక్టరు వచ్చి, షుగరుంది, వేళకు తిండి పెట్టాలని చెప్పి పోయాడు.

దారి నాకు ఆయనే చూపించాడు. మరునాటి నుంచి ఆమె ఎప్పుడడిగినా ఒకటే జవాబు: "ఇయ్యాల ఏం లేదు పెద్దమ్మా. ఉత్త దినం." ఏకాదశినాడూ ఉత్త దినమే, చవితినాడూ ఉత్త దినమే. వేళకు అన్నం కలిపి, ముద్దలు చేసి, డాక్టరు చెప్పిన ప్రకారం తినిపిస్తాను. ఉపవాసాలతో ఊరంతా పేరు తెచ్చుకున్న మనిషి, ఏకాదశినాడు నా చేతి అన్నం మెతుకులు మూతికి అంటించుకుని కూర్చుంటే నా కడుపు చల్లబడుతుంది. దాచడం దేనికి?

అయితే దీనికి నేనూ కట్టుబడి ఉండాల్సి వచ్చింది. ఆమెకు తెలియకూడదంటే మా ఇంట్లో బచ్చాల నెయ్యి కరగకూడదు, గారెల నూనె కాగకూడదు, పేలాలు పేలకూడదు, గడపకు మామిడాకు కట్టకూడదు. అమ్మ నేర్పిన వంటలు నా చేతులు మరిచిపోతున్నాయి. నా పిల్లలకు కుడుములు స్వీటుషాపు డబ్బాలో వస్తాయి. పర్వాలేదు అనుకుంటాను.

నిన్న మా గల్లీలో బోనాలు. కిటికీలు మూసి, టీవీ సౌండు పెంచినా డప్పుల చప్పుడు గోడల్లోంచి వచ్చింది. గల్లీలో ప్రతి ఇంటి నుంచీ ఒక బోనం లేచింది, మా ఇంటి నుంచి తప్ప. పెద్దమ్మ మంచం మీద లేచి కూర్చుంది.

"ఆ డప్పులేందే? బోనాలా?"

"కాదు పెద్దమ్మా. ఎవరిదో పెండ్లి బరాత్."

ఆమె బొటనవేలిని వేళ్ళ కణుపుల మీద నడిపిస్తూ ఏదో లెక్కపెట్టుకుంది. "ఆషాఢంల పెండ్లేందే?" అంది.

అన్నీ మరిచిపోయిన మనిషికి మాసం గుర్తుంది!

"ఔను, బోనాలే" అన్నాను, ఇక దాచి లాభం లేదని.

"మరి నన్ను తీస్కపోరా? ఒక్కపారి దర్వాజ దాకా తీస్కపో బిడ్డా, దండం పెట్టుకుంట."

చేతిలో పెరుగన్నం గిన్నె పట్టుకుని నేను ఆమె పక్కన కూర్చున్నాను. "నిన్ను తీసుకురావద్దన్నది పెద్దమ్మా."

"ఎవరు?"

"అమ్మవారు. నీమీద కోపమున్నదట."

కాదంటుందనీ, తిడుతుందనీ ఎదురుచూశాను. ఆమె మెల్లగా రెండు చేతులూ జోడించి, డప్పులు వినిపిస్తున్న గోడ వైపు తిరిగి తల వంచింది. నమ్మింది.