నువ్వులు వెయ్యని పులిహోర

గర్భసంచిలో టీబీ ఉందని తెలిసిన నెలలోనే డబ్లిన్‌లో లాక్‌డౌన్ పెట్టారు. పెళ్ళయి ఇన్నేళ్ళయినా కడుపు పండలేదని పరీక్షలు చేయిస్తే బయటపడింది. దగ్గు లేదు, జ్వరం లేదు. చెప్పాపెట్టకుండా దిగిన చుట్టంలా ఎప్పట్నుంచి తిష్ఠ వేసిందో తెలీదు. మందులకి రోగం తగ్గుతుందన్నారు. పిల్లలు పుడతారా లేదా అన్నది మాత్రం ఫెర్టిలిటీ డాక్టరు, ఆ పరీక్షల్లో కడుపులోకి కెమెరా పెట్టి తీసిన ఫొటోలు చూసి చెప్పాలి. ఆ అపాయింట్‌మెంట్ వాయిదా పడింది. నా ప్రాణమంతా దానిమీదే ఉండేది.

మా ఆయన ఊరి శివార్లలో లీక్స్‌లిప్‌లో కంప్యూటర్ చిప్పులు తయారుచేసే చోట ఇంజనీరు. ఊరంతా మూతపడ్డా ఆయన పని ఆగలేదు. లూకన్‌లో అద్దెఇంట్లో రోజంతా నేనొక్కదాన్నే. నాకున్నది పక్కవాళ్ళకి అంటుకునే రకం కాదని డాక్టర్ చెప్పినా, ఎవరితోనూ అనొద్దన్నాడాయన. తుమ్మితేనే జనం రోడ్డు దాటి పోతున్న రోజుల్లో టీబీ అంటే ఇంకేమైనా ఉందా. అమ్మకి కూడా చెప్పలేదు. ఎలా ఉన్నావంటే ఫోన్లో అందరికీ ఇక్కడివాళ్ళలా గ్రాండ్, గ్రాండ్ అని చెప్పి చెప్పి నాకే విసుగొచ్చింది.

పరగడుపున మాత్రలు మింగగానే వాంతులయ్యేవి. పక్కింటికీ మాకూ ఒకటే గోడ. ఆ ఇంట్లో ఒక గుంటూరు ఆంటీ ఉండేది. కూతురి పురిటికని వచ్చి, విమానాలు ఆగిపోయి ఇరుక్కుపోయింది. ఒకరోజు బెల్లు కొట్టి, గుమ్మంలో స్టీలు డబ్బా పెట్టి, గేటు దాకా వెనక్కి వెళ్ళి నిలబడింది.

"పులిహోర అమ్మాయ్. నువ్వులపొడి ఎయ్యలేదులే, ఈ టయింలో నీకు పడదుగా. భయపడమాక, తిను."

నువ్వులు పెట్టనిది కడుపుతో ఉన్నవాళ్ళకే కదా. అప్పుడర్థమైంది నాకు. కాదంటే, మరి వాంతులెందుకో చెప్పాలి. థాంక్స్ ఆంటీ అని తలుపేసుకున్నాను. పొద్దున్నే గోడకి చెవి ఆనించి కూర్చుంటుందా ఈవిడ అని ఒళ్ళు మండింది. ఆ మంటలోనే డబ్బా ఖాళీ చేశాను. నోటికి రుచి తెలిసి చాలా రోజులైంది. తర్వాత చింతకాయ పచ్చడి వచ్చింది, ఆ తర్వాత మామిడికాయ పప్పు. బెల్లు ఎప్పుడు మోగుతుందా అని ఎదురుచూడడం మొదలుపెట్టాను. సిగ్గేసేది. అయినా చూసేదాన్ని.

ఒక మధ్యాహ్నం ఫెర్టిలిటీ డాక్టర్ ఫోన్ చేసింది. చాలా మర్యాదగా మాట్లాడింది. రెండు ట్యూబులూ మూసుకుపోయాయి, గర్భసంచి లోపలి పొర మచ్చలుపడి అతుక్కుపోయింది, ఐవీఎఫ్ చేసినా నిలుస్తుందన్న ఆశ పెట్టుకోవద్దు అంది. పక్కన ఎవరైనా ఉన్నారా అని అడిగింది. ఉన్నారని చెప్పాను.

ఫోన్ పెట్టేసి వంటింట్లో నేలమీద కూర్చుని గొంతెత్తి ఏడ్చాను. కాసేపటికి బెల్లు మోగింది. తలుపు తీస్తే గుమ్మంలో డబ్బా లేదు. ఆంటీ ఒక్కతే గేటు దగ్గర నిలబడి ఉంది, మాస్కు కూడా పెట్టుకోకుండా.

"ఏందమ్మాయ్, గోడవతలకి ఇనపడతంది. ఏవైనా గానీ, ఇప్పుడు నువ్వట్టా ఏడవగూడదు. లోపల బిడ్డకి తెలిసిపోద్ది."

స్వెట్టర్ చేతులతో కళ్ళు తుడుచుకున్నాను. అలాగే ఆంటీ అన్నాను. నిజంగానే ఏడుపు ఆపేశాను.