ఓబన్న మామ గొంతులో రెండు దారులు

నేను ఏడో తరగతిలోనే బడికి సలాం కొట్టినవాణ్ణి. హోమ్ అటెండెంట్ పని, అంటే ఇళ్లకు పోయి మంచాన పడ్డవాళ్లను చూసుకునే పని నేర్చుకునేటప్పుడు, గుండె ఎక్కడుందో చూపించమంటే చొక్కా జేబు చూపించాను. "ఆడుండేది బీడీ కట్ట మస్తానూ. గుండె నడిమధ్యలో ఉండి కొంచెం ఎడమకు వాలుంటాది," అని నేర్పించే సిస్టర్ నా చెయ్యి పట్టి జరిపింది. అంత తెలివైన నన్ను మూడేళ్ల కిందటి ఎండాకాలంలో ముదిగుబ్బ దగ్గరి ఒక పల్లెకు పంపించారు.

రోగి పేరు ఓబన్న. డెబ్బై ఏళ్ల గొర్రెల కాపరి. స్ట్రోక్ వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట ముద్దగా వస్తుంది, తెలివి మాత్రం చెక్కుచెదరలేదు. ఆయన్ను మామా అని, భార్య లింగమ్మను అత్తా అని పిలవడం మొదటి రోజే మొదలుపెట్టాను.

చిక్కంతా మింగడంలో ఉంది. నీళ్లు తాగితే చాలు, పొలమారేది. దీన్ని మా పనిలో ఆస్పిరేషన్ అంటారు: కడుపులోకి పోవాల్సింది ఊపిరితిత్తుల్లోకి దిగడం. అప్పటికే ఒకసారి దానివల్ల జ్వరం వచ్చి ఆసుపత్రిలో పడుకున్నాడు. పదిహేను రోజుల్లో తగ్గకపోతే రైల్స్ ట్యూబ్ వేస్తామని డాక్టర్ చెప్పి పంపాడు. అది ముక్కులోంచి కడుపుదాకా వేసే సన్నని గొట్టం. దాని పేరెత్తితే మామ గోడవైపు తిరిగిపోయేవాడు.

ఎలా తినిపించాలో డాక్టర్ కాగితం మీద రాసిచ్చాడు. అది ఇంగ్లీషులో ఉంది. నేను చదివినట్టు తల ఊపి, మడిచి జేబులో పెట్టుకున్నాను. పల్చగా ఉంటే సులభంగా జారుతుందని నా సొంత బుర్రతో రాగిజావలో ఇంకో చెంబు నీళ్లు కలిపాను. లింగమ్మ ఆయన తల వెనక్కి వంచి, పెదవులకు తగలకుండా ఎత్తి పోసింది. ఆయన జీవితమంతా చెంబు ఎత్తే తాగాడు మరి. దగ్గి దగ్గి మామ ముఖం నల్లబడింది. లింగమ్మ నడినెత్తిన తట్టింది.

"ఎవరో తలుచుకుంటాండారు."

"ఎవరత్తా?"

"ఈయప్పను తలుచుకునేదానికి గొర్రెలు తప్ప ఎవురుండారు."

ఆ సాయంత్రం సిగ్గు చంపుకుని కాగితం ఫోటో తీసి సిస్టర్‌కు పంపాను.

"చదివేకి రాకుంటే అడగల్ల గదప్పా," అని నాలుగు చీవాట్లు పెట్టి, తర్వాత చెప్పింది. గొంతులో రెండు దారులు. ముందుది ఊపిరికి, వెనకది తిండికి. మింగేటప్పుడు ఊపిరి దారి మూసుకుంటుంది. స్ట్రోక్ తర్వాత ఆ మూత ఆలస్యంగా పడుతుంది, పల్చటి నీళ్లు దానికంటే ముందే పరిగెత్తుతాయి. తల వెనక్కి వంచితే ఊపిరి దారి ఇంకా తెరుచుకుంటుంది. అందుకే గడ్డం దించి, చిక్కటి జావ ఒక్కో స్పూను పెట్టమని కాగితంలో ఉందట. "నెత్తిన తట్టొద్దు, నీళ్లు పొయ్యొద్దు. దగ్గుతాండాడంటే ఊపిరి ఆడుతాండాదని. ముందుకు వంచి దగ్గనియ్యి. మాటా దగ్గూ రెండూ రాకుంటేనే 108కు ఫోన్ చేయించి, ముందుకు వంచి వీపు మీద రెక్కల ఎముకల నడుమ అరచేత్తో గట్టిగా ఐదు దెబ్బలు వెయ్యి."

ఇదంతా ఇంట్లో ఒప్పజెప్పాను. ఎవరు వింటారు? "పుట్టినప్పట్నుంచి ఎత్తి తాగినోడు, ఇప్పుడు స్పూనుతో నాకల్లనా?" అంది లింగమ్మ. మామ పళ్లు బిగించాడు. ఇంకో రెండు రోజులు పోయాయి.

మూడో రోజు పొద్దున ఆమె దొడ్లో గొర్రెకు కడుపులో పురుగులు పోయే మందు తాపుతోంది. దవడ కింద చెయ్యి పెట్టి, మూతి నేలకు సమంగా పట్టుకుని, సీసా పక్కనుంచి పెట్టి కొంచెం కొంచెంగా వదులుతోంది. నాకు తమాషాగా అనిపించింది.

"ఇంకా పైకెత్తత్తా, బిరాన దిగుతాది."

"నీకేం తెలుసప్పా. పైకెత్తితే మందు ఊపిరితిత్తుల్లోకి పోతాది. రెండు దినాలు దగ్గి దగ్గి సస్తాది."

అని, సీసా చేతిలో అలాగే పట్టుకుని ఆగిపోయింది. ఆమె వసారాలో మామ పడుకున్న మంచం వైపు చూసింది.

"గొర్రెకు చేసినంత కూడా నీకు చెయ్యకపోతినే ఓబన్నా."

పెళ్లయినప్పటి నుంచి భర్తను పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారట. ఆ రోజే వీపుకు దిండ్లు పెట్టి నిటారుగా కూర్చోబెట్టాం. గడ్డం ఛాతీ వైపు దించి, కాగితంలో రాసినంత చిక్కగా జావ కాచి, ఒక్కో స్పూను పెట్టాం. గొంతు మీది బుడిపె పైకి పోయి కిందికి దిగితేనే మింగినట్టు. అది చూశాకే ఇంకో స్పూను. తిన్నాక అరగంట పడుకోనివ్వలేదు. పదిహేనో రోజు ఆసుపత్రికి తీసుకుపోతే డాక్టర్ ఛాతీ విని, మింగడం చూసి, ట్యూబ్ అక్కర్లేదన్నాడు.

గొంతులో దారుల సంగతి ఆ ఇంటికి నాకంటే ముందే తెలుసు. నేను మనిషి గురించి చెప్పానే గాని, గొర్రె గురించి అడగలేదు. ఇప్పుడు ఏ ఇంటికి పోయినా పాఠం చెప్పేముందు వాళ్లు చేసే పని ఏమిటో అడుగుతాను.

ఆ పదిహేనో రోజు ఆసుపత్రి నుంచి ఇంటికి రాగానే ఊరుకోలేక అన్నాను: "చూసినావా మామా, నిన్ను గొర్రెను చేసి బతికించినా."

ఆయనకు నోరు కూడదీసుకుని, ఒక్కో మాటా పేర్చడానికి చాలాసేపే పట్టింది.

"గొర్రెనే... అయ్యుంటే... నీ జావ చూసి... ఎప్పుడో పారిపోయుంటి."